మందు పిట్టకి, పథ్యం మాకు

పొద్దున లేవగానే పిట్టను తూచడం నా పని. వంటింట్లో పిండీ పప్పూ తూచుకునే చిన్న డిజిటల్ కాటా ఉంది. దాని మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, పిట్టను పైన నిలబెట్టి, అది కుదురుగా ఉన్న క్షణంలో అంకె చూసుకోవాలి. తిండి ముట్టకముందే తూచాలి. రాత్రంతా పట్టి ఉంచిన రెట్ట వేశాకే తూచాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా ఆ అంకెకు విలువ లేదు. మా పిట్ట తొంభై గ్రాములు. ఒక గ్రాము అటో ఇటో అయితే నేను పట్టించుకోను. రెండు మూడు రోజులు వరసగా పెరిగిందంటే మాత్రం ఆ రోజు షాపులో నాకు పని సాగదు. కడుపులో మళ్ళీ గుడ్డు తయారవుతోందన్నమాట.

షాపంటే నాది కాదు. తార్నాకలో, యూనివర్సిటీకి వెళ్ళే రోడ్డు మీద టైపింగు, బైండింగు చేసే షాపు. పీహెచ్‌డీ పిల్లలు తెచ్చే థీసిస్‌లలో పట్టికలు నా వంతు. మొత్తాలు కలుస్తున్నాయా, శాతాలన్నీ కలిపితే వంద అవుతోందా, మూడో అధ్యాయంలో రెండు వందలున్న మనుషులు ఐదో అధ్యాయానికి రెండు వందల నలుగురు ఎట్లా అయ్యారు, ఇవి చూస్తాను. నేను చదివింది ఇంటర్ దాకానే. మిగతాదంతా పిల్లలు వదిలేసిపోయిన పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేస్తూ నేర్చుకున్నది. సబ్మిషన్ల కాలంలో కళ్ళు మండుతాయి, నడుము పట్టేస్తుంది. అయినా కాగితాలు ఇంటికి కూడా వస్తాయి.

పిట్ట కూడా అట్లా ఒకరు వదిలేసి పోయినదే. థీసిస్ ఇచ్చేసి వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి వెళ్ళిపోతున్న ఒక అమ్మాయి, హాస్టల్ గదిలో దాచి పెంచుకున్న పిట్టను పంజరంతో సహా షాపుకు తెచ్చింది. "ఒక్క నెల ఉంచుకోండి ఆంటీ, ఇల్లు చూసుకోంగనే వచ్చి తీస్కపోత" అన్నది. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. అది క్యాంపస్ చెట్ల మీద సాయంత్రాలు గోల చేసే పచ్చ చిలక కాదు. వాటిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఇది చిలక జాతిలోనే పరదేశపు రకం, పంజరాల్లోనే పుట్టి పెరిగేది. కాకటీల్ అంటారు. బూడిద రంగు ఒళ్ళు, బుగ్గల మీద నారింజ మచ్చలు, తల మీద లేచి పడే తురాయి.

ఇంట్లో ఉండేది నేనూ, మా అక్కా. అక్క లేడీస్ హాస్టల్ మెస్సులో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైంది. పంజరం లోపలికి తెచ్చిన రోజు, "ఇంట్ల ఇద్దరం సాలమా, మూడో ముసల్ది గూడనా?" అని విసుక్కున్నది. వారం తిరగకముందే పిట్ట ఆమె భుజం మీద ఉంది. ఇంకో వారానికి ఆమె తినే కంచం అంచు మీద ఉంది. అక్క దాన్ని "బిడ్డా" అని పిలుస్తుంది. నేను మాత్రం పిట్ట అనే అంటాను.

మొదటి గుడ్డు చూసి అందరం నవ్వుకున్నాం. పై వాటాలో ఒక రిటైర్డ్ నర్సు ఉంటుంది. చర్చిలో అక్కకు జత, అక్కను వదినా అంటుంది, నోరు పెద్దది. మెట్లు దిగి వచ్చి మరీ చూసింది.

"మొగుడు లేడు, మొగోని వాసన లేదు. గుడ్డెట్ల పెట్టింది వదినా?"

"ఫారం కోడికి మొగుడుంటదా? ఇది గూడ గంతే."

"అయితే ఆమ్లెట్ ఎయ్యి, నాకు సగం."

"నీ నోట్ల మన్ను వడ."

గుడ్డు ఉంచితే వాసన వస్తుందని అక్క తీసి చెత్తలో పడేసింది. రెండు రోజులకు ఇంకొకటి పెట్టింది. అదీ పడేసింది. పడేసినకొద్దీ పెట్టింది. అప్పుడు మాకు తెలియదు గానీ, పిట్టకు కూడా ఒక లెక్క ఉంటుందట. గూట్లో ఇన్ని ఉండాలి అనుకుంటుంది. అన్ని కనబడకపోతే కనబడేదాకా పెడుతూనే ఉంటుంది. మేం శుభ్రం అనుకుని చేసిన పని దాన్ని లోపలినుంచి ఖాళీ చేసింది.

ఒక ఆదివారం అక్క చర్చికి పోయింది. నేను పట్టికలు దిద్దుకుంటున్నాను. పంజరంలో చప్పుడు లేదని చూస్తే, పిట్ట కర్ర మీద లేదు, అడుగున ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి, ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ కొట్టుకుంటోంది. అక్కకు ఫోన్ చేశాను. ప్రార్థన మధ్యలోంచి లేచి వచ్చింది. చెప్పుల పెట్టెకు చిల్లులు పొడిచి, దాంట్లో పాత లుంగీ పరిచి, ఆటోలో కూర్చున్నాం. పిట్టలను చూసే డాక్టరు మాకు దగ్గర్లో లేదు, ఊరికి ఆ చివర ఉంది. నల్లకుంట దాటడానికే ఎంతసేపు పట్టిందో. అక్క పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది.

గుడ్డు లోపల ఇరుక్కుంది. వెచ్చదనం ఇచ్చి, కాల్షియం సూది వేసి, నూనె రాసి, సాయంత్రానికి బయటికి తెప్పించారు. పెంకు సరిగ్గా కట్టలేదు, వేలితో నొక్కితే సొట్టపడేట్టు ఉంది. డాక్టరమ్మ నలభై లోపు మనిషి. గట్టిగా మాట్లాడదు, కానీ చెప్పింది దాచకుండా చెబుతుంది.

"ఇంకో రెండు మూడు గుడ్లు ఇట్లాగే పెడితే బతకదు ఆంటీ. తిండిలో దొరకని కాల్షియాన్ని ఎముకల్లోంచి తీసి పెంకు కడుతోంది."

"గుడ్లు ఆగాల్నంటే ఏం జెయ్యాలె?" అక్క అడిగింది.

అప్పుడు హార్మోను సూది గురించి చెప్పింది. అది మనుషుల మందు. గర్భసంచి జబ్బులకు ఆడవాళ్ళకు, ఇంకో రకం క్యాన్సర్‌కు మగవాళ్ళకు ఇస్తారు. పిట్టల కోసం చేసింది కాదు, కానీ పిట్టల డాక్టర్లు చాలా కాలంగా వాడుతున్నారు. గుడ్డు పెట్టమని మెదడు పంపే కబురును కొన్ని వారాలు ఆపుతుంది. అంతకన్నా ఏమీ చెయ్యదు. దాని పేరు నేనిక్కడ రాయను. పేరు తెలిస్తే మెడికల్ షాపుకు పోయే మనుషులం మనం. నేనూ పోయేదాన్నే. ఆ రోజే అడిగాను, మందు మేం కొనుక్కుని ఇంట్లోనే వేయించుకోవచ్చా, పైన నర్సు ఉంది కదా అని.

"వద్దండి. అదే పేరుతో రెండు రకాలుంటాయి. ఒకటి రోజూ వేసేది, ఒకటి నెలంతా మెల్లగా కరిగేది. ఒకటి అనుకుని ఒకటి వేస్తే మొత్తం తారుమారు. పైగా సీసా మనిషి కోసం కట్టింది. కలిపాక దాన్ని చిన్న చిన్న పాళ్ళు చెయ్యాలి. ప్రతిసారీ పిట్టను నేను చూడాలి, తూచాలి, అప్పుడే వేస్తా."

తర్వాత ఆమె చెప్పినవన్నీ మా ఇంటి గురించే. పిట్టకు రాత్రి పెద్దదిగా ఉండాలి, చీకటి పడగానే పంజరం మీద గుడ్డ కప్పాలి. మా ఇంట్లో నా కాగితాల కోసం ట్యూబ్‌లైటు పడుకునేదాకా వెలుగుతూనే ఉండేది. అక్క వేలితో తినిపించే వేడి వేడి పప్పన్నం ఆపాలి. పిల్లలను సాకే కాలం వచ్చిందని పిట్ట అనుకుంటుంది అట్లాంటి మెత్తటి తిండి చూస్తే. బీరువా వెనక సందులోకి అది దూరకుండా మూసెయ్యాలి. గుడ్డు పెడితే పారెయ్యకుండా కొన్నాళ్ళు అక్కడే ఉంచాలి. ఇక అన్నిటికన్నా ముఖ్యం చెయ్యి. తల మీద, మెడ మీద ఒక వేలితో గోకవచ్చు. వీపు నిమరకూడదు, రెక్కల కింద చెయ్యి పెట్టకూడదు.

"మీరు వీపు నిమిరితే దానికి మీరు జత అన్నట్టు ఆంటీ. మీరే దాని మొగుడు."

అక్క తన చేతి వైపు చూసుకుంది. తర్వాత, "అంటే మందు పిట్టకి, పథ్యం మాకా?" అన్నది.

"కరెక్ట్‌గా చెప్పారు. పథ్యం లేకపోతే నా మందు సగం కూడా పని చెయ్యదు."

ఆ మొగుడు మాట నేను నర్సుకు చెప్పి ఉండకూడదు. వారం రోజులు మెట్ల మీద ఎక్కడ కనబడినా, "ఈ వయసుల నీకు పెండ్లాం దొరికింది వదినా, మాకు బిర్యానీ లేదా?" అని అక్కను ఏడిపించింది.

మందు పని చేసింది. పొద్దుటి అంకె తొంభై దగ్గర నిలబడింది. నా కాగితాలు వంటింట్లోకి మారాయి. గ్యాసు బండ పక్కన స్టూలు వేసుకుని, తలుపు దగ్గరేసి, చిన్న లైటు కింద పట్టికలు చూసుకునేదాన్ని. మెడ నొప్పి మొదలైంది. అయినా అంకె కదలకుండా ఉన్న పొద్దున్నల్లో నాకు టీ రుచిగా ఉండేది. నల్లకుంట మార్కెట్లో కొర్రలు, జొన్నలు తెచ్చి, కాల్షియం కోసం పిట్టలు కొరుక్కునే సముద్రపు నురుగు ముక్క పంజరానికి కట్టి, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాను.

అక్క మాత్రం ముభావంగా ఉండేది. పిట్ట ఇప్పుడు ఆమె భుజం మీదికి పరిగెత్తడం లేదు. అంతకుముందు అది ఆమె వేలి ముందు తల ఊపి ఊపి, మింగిన గింజలను గొంతులోంచి పైకి తెచ్చి ఆమె గోటి మీద పెట్టేది. ఆ ఎంగిలి మెతుకులు చూసి అక్క ఎంత మురిసిపోయేదో. సూది తర్వాత అదంతా పోయింది. పిట్ట కిటికీ దగ్గర కూర్చుని బయట పావురాలను చూస్తూ తనకు తాను ఈల వేసుకునేది.

"దీని గొంతు గూడ ఆపిండ్రా ఏందే? నన్ను పిలుస్తలేదు" అన్నది అక్క ఒక పొద్దున.

"ఆరోగ్యంగున్నది అక్కా. అంకె చూడు."

"నీకు అంకె కనవడ్తది" అని లోపలికి పోయింది.

రెండో సూదికి టైము వచ్చింది. డాక్టరమ్మ ఒక సీసా కలిపితే అది ఎన్నో పిట్టలకు సరిపోతుంది కాబట్టి అందరినీ ఒకే రోజు రమ్మంటుంది. బెంచీల మీద మాతో పాటు బుట్టల్లో, పెట్టెల్లో పిట్టలు, వాటి వెనక మాలాగే అలసిపోయిన మొహాలు. ఒక్కొక్క పిట్టను తూచి, రొమ్ము కండ తడిమి చూసి, అప్పుడు వేసింది. ఆ సూది మొదటిదాని అంత కాలం పని చెయ్యలేదు. ముందే అంకె కదిలింది, గుడ్డు వచ్చింది. మూడోది ఇంకా త్వరగా అయిపోయింది.

"ఇంట్లో ఏమైనా మారిందా? వెలుతురు? తిండి?" అని ఫోన్‌లో అడిగింది డాక్టరమ్మ.

"ఏం మారలేదు మేడం" అన్నాను. నాకు తెలిసింది అంతే.

సబ్మిషన్ల కాలం అది. ఊరి చివరికి పోయి రావడానికి ఒక పూట పోతుంది, ఆ పూట పని రాత్రి మెడ మీద పడుతుంది. ఆ అలసటలోనే ఒక సాయంత్రం నర్సు కిందికి వచ్చి కూర్చుని, నాకు ఇంతకాలం తట్టని మాట అన్నది.

"పిట్టకొక సూది కోసం గంత దూరం పోవుడేంది? పెండ్లిళ్ళకి, యాత్రలకి నెలసరి వెనక్కి జరగాల్నని ఆడోళ్ళు మాత్రలు ఏస్కుంటలేరా? అది గూడ హార్మోనే గద. నా సర్వీసుల ఎంతమందికి ఇచ్చిన. జర్రంత నూరి నీళ్ళల్ల కలుపు."

"ఎంత నూరాలె?" అని అక్క నా వైపు చూసింది. "చెల్లె లెక్కలు చేస్తది గద. చెప్పవే, మనిషికి ఒక మాత్ర అయితే దీనికెంత?"

నేను ఒద్దు అనే లోపే నా తల ఆ లెక్క చేసేసింది. అక్క యాభై ఐదు కిలోలు. పిట్ట తొంభై గ్రాములు. త్రైరాశికం. ఆరు వందల పదకొండో వంతు. ఒక మాత్రను ఇన్ని నీళ్ళల్లో కరిగించి, అందులోంచి ఇన్ని చుక్కలు. చాలా తేలికైన లెక్క, ఎక్కడా అడ్డు తగలదు. అందుకే నాకు భయం వేసింది. షాపులో ఎన్ని పట్టికలు చూశాను, రెండు దశాంశాల దాకా సరిగ్గా ఉండి, అసలు అడిగిన ప్రశ్నే తప్పుగా ఉన్నవి. కూడికలో దొరికే తప్పును దిద్దవచ్చు. ఇట్లాంటిది కూడికలో దొరకదు.

"లెక్క వచ్చింది గని చెప్ప. ముందుగాల డాక్టర్ను అడుగుదాం."

"అబ్బో, షాపుల కూసున్నంక చెల్లెకు గూడ డాక్టరేట్ వచ్చింది" అని నర్సు మూతి తిప్పింది.

డాక్టరమ్మ ఫోన్ ఎత్తి, నేను చెప్పింది విని, "ఇంకా ఇవ్వలేదు కదా?" అని రెండుసార్లు అడిగింది. ఇవ్వలేదంటే అప్పుడు మెల్లగా చెప్పింది. ఆ మాత్రల జాతి మందు వేరు. ఒకప్పుడు పిట్టలకు వాడి చూశారు, ఒళ్ళు కొవ్వెక్కి, కాలేయం చెడి, చక్కెర జబ్బులాంటిది వచ్చి మానేశారు. ఇంకొక మాట కూడా చెప్పింది. ఆమె వేసే సరైన మందు కూడా మనిషి బరువునుంచి పిట్ట బరువుకు భాగిస్తే వచ్చేంత కాదు. చిన్న ఒంట్లో మందు త్వరగా ఖర్చయిపోతుంది. "మీ లెక్కలో తప్పు లేదండి. పిట్ట ఒళ్ళు ఆ లెక్కతో నడవదు." అంతకాలం నేను నమ్ముకున్న త్రైరాశికం మీద నాకు కోపం రాలేదు. అలసట మాత్రం వచ్చింది. ఇంత చిన్న ఒంటి కోసం ఇంకా ఎన్ని తెలుసుకోవాలో అనిపించింది.

ఒక శుక్రవారం షాపులో జిరాక్స్ మిషన్ కాలిపోయి వైర్ల కంపు కొట్టడంతో మధ్యాహ్నమే మూసేశారు. నేను ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులు నిండి ఉన్నాయి. శుక్రవారాలు మా ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక జరుగుతుంది. నేను ఎప్పుడూ ఉండను. తలుపు దగ్గరే నిలబడిపోయాను. వారాసిగూడ నుంచి ఇద్దరు, అంబర్‌పేట నుంచి ఒకామె, మా వీధివాళ్ళు, పైన నర్సు, అందరూ చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో అక్క ఒడిలో పిట్ట ఉంది. నర్సు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది.

"తండ్రీ, ఈ చిన్న ప్రాణిని చూడు. గుడ్లు ఆపు తండ్రీ. దీని గర్భాన్ని ముట్టు తండ్రీ..."

మా చర్చిలో ఎవరికైనా జబ్బు చేస్తే చేతులుంచి ప్రార్థన చేస్తారు. ఆ చిన్న పిట్ట మీద అన్ని చేతులు పట్టవు కనుక ఒకరి తర్వాత ఒకరు ముందుకు వంగి, తల దగ్గరనుంచి తోక దాకా దాన్ని నిమురుతున్నారు. పిట్ట ఒడికి అతుక్కున్నట్టు వంగిపోయింది. తోక పైకెత్తి, రెక్కలు వణికిస్తూ, సన్నగా కూస్తోంది.

"చూడుండ్రి, చూడుండ్రి, ఎట్ల మోకరిస్తున్నదో! మనుషులకు లేదు గంత భక్తి!" అన్నది అంబర్‌పేట ఆమె. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

అది మోకరించడం కాదని నాకు తెలుసు. జతకట్టడానికి పిట్ట వంగే పద్ధతి అది. మొదటి రోజే డాక్టరమ్మ ఫోన్లో వీడియో చూపించింది. అక్క కూడా నా పక్కనే నిలబడి చూసింది. అంటే ప్రతి శుక్రవారం ఇంతమంది దాని గుడ్లు ఆగాలని ఏడుస్తూ, ఆ చేతులతోనే గుడ్డు పెట్టమని చెబుతున్నారు. వంటింట్లోకి పోయి స్టూలు మీద కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక అక్క కప్పులు తీసుకుని వచ్చింది.

"వాళ్ళకు తెల్వది అక్కా. నీకు తెల్సు గద."

"తెల్సు."

"డాక్టర్ చెప్పినప్పుడు విన్నవు గద."

"విన్న. వాళ్ళు పొయ్యినంక నేను గూడ నిమురుత. రోజు నిమురుత. నువ్వు షాపుకు పోంగనే." కప్పులు సింకులో పెట్టి కొళాయి తిప్పింది, మళ్ళీ కట్టేసింది. "నాకు తెల్వక కాదు చెల్లె. సూది వడ్డంక అది నన్ను గోడను చూసినట్ల చూస్తది. సూది జోరు తగ్గంగనే మళ్ళ నా దగ్గరికి ఉరికొస్తది. ముప్పై ఏండ్లు మెస్సుల నిలవడి ఎంతమందికి వడ్డించిన్నో నీకెరుకే. నాకెవ్వలన్న వడ్డించిన్రా? అమ్మ పొయ్యినంక నా నోటికి తిండి తెచ్చింది గిదొక్కటే. దాని గొంతులకెల్లి తీసి పెట్టింది."

నేనూ ఎన్నడూ ఆమెకు వడ్డించలేదు. ఇంటికి వచ్చేసరికి కంచంలో అన్నం ఉంటుంది, తింటాను.

"పొద్దున తొంభై ఆరున్నది" అన్నాను చివరికి.

ఆమెకు అంకెలతో పని లేదు గానీ ఈ అంకె అర్థమైంది. మొహం మారిపోయింది. వెంటనే పంజరం దగ్గరికి పోయి చూసింది, పిట్ట కర్ర మీద ఉబ్బి కూర్చుని ఉంది. ఆ శనివారం ఇద్దరం ఇల్లు దాటలేదు. పంజరం పక్కన వేడినీళ్ళ సీసాకు బట్ట చుట్టి పెట్టి, నీళ్ళల్లో డాక్టరమ్మ ఇచ్చిన కాల్షియం చుక్కలు వేసి, కూర్చున్నాం. అక్క చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ప్రార్థన చేస్తోందో, ఆపుకుంటోందో నాకు తెలియదు. ఆదివారం తెల్లవారాక గుడ్డు పడింది. పెంకు పలచనే, కానీ పడింది. అక్క దాన్ని పారెయ్యలేదు. మూల పెట్టి, దాని ముందే కూర్చుని ఏడ్చింది.

ఆ వారం సూదికి అక్కే పెట్టె సిద్ధం చేసింది. డాక్టరమ్మ నోరు తెరవకముందే తనే చెప్పేసింది.

"నేనే నిమిరిన మేడం. మందు తప్పు కాదు. నా చెయ్యే."

డాక్టరమ్మ కోప్పడలేదు. "చాలా ఇళ్ళల్లో ఇదే జరుగుతుంది ఆంటీ. చెప్పరు, అంతే. మందు పని చెయ్యట్లేదని నేను దగ్గర దగ్గరగా వేస్తూ పోతే ఒకరోజు అసలే పని చెయ్యదు. మీరు చెప్పడం మంచిదైంది." పిట్టను పట్టుకోవడానికి తన మనిషిని పిలవబోతే అక్క ఒద్దన్నది. తువ్వాలు తనే చుట్టి, తనే పట్టుకుంది. సూది దిగేటప్పుడు పిట్ట ఆమె వేలు కరిచింది. రక్తం వచ్చింది. అక్క చెయ్యి కదపలేదు.

తర్వాతి శుక్రవారం నర్సు అలవాటుగా పంజరం వైపు చెయ్యి చాపితే అక్క ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"దేవుని దీవెనకు గూడ డాక్టర్ చిట్టీ కావాల్నా వదినా?"

"చేతులు నీ ఒళ్ళె పెట్టుకొని చెయ్యి ప్రార్థన. ఆయనకు ఇనవడ్తది."

నర్సు రెండు వారాలు మా గడప తొక్కలేదు. మూడో వారం తనే వచ్చింది, చేతులు కట్టుకుని కూర్చుంది.

ఈ సూది చాలా కాలం పని చేసింది. దాని తర్వాత ఇంకొకటి పడింది, అదీ నిలబడింది. పిట్ట పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంది. ఊరికే ఉంటే మళ్ళీ పాత ఆలోచనలు వస్తాయి, పని ఇవ్వండి అని డాక్టరమ్మ చెప్పింది కనుక అక్క కొర్రలను కాగితం పొట్లాల్లో చుట్టి పంజరం నిండా వేలాడదీస్తుంది. పిట్ట అవి చింపుకుంటూ పొద్దు గడుపుతుంది. అక్క రోజూ కాసేపు ఎదురుగా కూర్చుంటుంది. పిట్ట ఆమె పిలిస్తే ఒక్కోసారి వస్తుంది. నేను పిలిచినా వస్తుంది, నర్సు పిలిచినా వస్తుంది. మా ముగ్గురిలో దానికిప్పుడు తేడా లేదు.

మొన్న మళ్ళీ చూపించడానికి వెళ్ళాం. తూచి, తడిమి, ఈసారి సూది అక్కర్లేదన్నది డాక్టరమ్మ. బాగుంది, మందు లేకుండా ఎంతకాలం ఉంటుందో చూద్దాం, పథ్యం మాత్రం ఇట్లాగే నడవాలి అన్నది. నేను తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను. అక్క లేవలేదు.

"ఎయ్యుండ్రి మేడం. ఇంకొక్కటి."

"ఎందుకు ఆంటీ? దానికి అవసరం లేదు."

"దాని కోసం కాదు. సూది లేకపోతే అది మళ్ళ నా దగ్గరికి వస్తది. వస్తే నా చెయ్యి ఆగుతదో లేదో."

డాక్టరమ్మ పిట్టను పెట్టెలో పెట్టి ఆమె చేతికిచ్చింది. "మీ చెయ్యి కోసం దానికి సూది వెయ్యలేను ఆంటీ" అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పెట్టె అక్క ఒడిలోనే ఉంది. దారిలో ఎక్కడో పిట్ట చిల్లు దగ్గరికి వచ్చి, తల వంచి, గోకమన్నట్టు తురాయిని అట్టకు ఆనించింది. అక్క చిల్లులోంచి ఒక వేలు పెట్టి తల మీద, మెడ మీద గోకింది. పిట్ట కళ్ళు మూసుకుని ఇంకా ముందుకు జరిగింది, ఇప్పుడు చిల్లు కింద దాని వీపు ఉంది. అక్క వేలు బయటికి తీసి, పెట్టెను రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని, తార్నాక వచ్చేదాకా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.